యానాం: ఒకే ఊరికి రెండు చిరునామాలు

(ప్రసంగ పాఠం)



ఆంధ్రదేశానికి వెలుపల పుట్టి పెరిగిన తెలుగువారికి ఒక ప్రశ్న చిరపరిచితం. "మీరు ఎక్కడివారు?" అని ఎవరైనా అడిగితే సమాధానం ఒక్క మాటలో రాదు. తాతగారి ఊరు ఒకటి, రేషను కార్డులోని ఊరు మరొకటి. ఇంట్లో మాట ఒకటి, కార్యాలయంలో దరఖాస్తు నింపే భాష మరొకటి. ఒక మనిషికి ఇది సహజమే. అయితే ఒక ఊరు ఊరంతా ఈ స్థితిలో ఉంటే ఎలా ఉంటుంది? గోదావరి ఒడ్డున అటువంటి ఊరు ఒకటి ఉన్నది. దాని పేరు యానాం. ఈనాటి ప్రసంగానికి అదే విషయం.

యానాంకు ఉత్తరం రాసేవారు చివర 533464 అనే పిన్‌కోడు వేస్తారు. 533తో మొదలయ్యే సంఖ్యలు గోదావరి జిల్లాలవి. అక్కడి స్థిర టెలిఫోనుకు ముందు తిప్పే 0884 కాకినాడ సంఖ్య. అదే ఊరి వీధిలో తిరిగే వాహనాన్ని చూస్తే దాని పలక మీద పీవై 04 అని ఉంటుంది. అది పుదుచ్చేరి గుర్తు. తపాలా శాఖ దృష్టిలో యానాం గోదావరి సీమలోనిది. రవాణా శాఖ దృష్టిలో అది పుదుచ్చేరిలోనిది. రెండూ నిజమే. ఈ రెండు చిరునామాలు ఎలా వచ్చాయో తెలుసుకొంటే మూడు వందల ఏళ్ల చరిత్ర తెలిసినట్లే.

నేల, నీరు

తన పాలనా కేంద్రానికి దూరంగా, నాలుగు వైపులా మరొక పాలన కింది భూమి చుట్టుముట్టి ఉన్న ప్రాంతాలు ప్రపంచంలో పలుచోట్ల ఉన్నాయి. అజర్‌బైజాన్‌కు చెందిన నఖ్చివాన్ స్వతంత్ర ప్రతిపత్తి గల అటువంటి భూభాగం. ఆర్మేనియా, ఇరాన్, తుర్కియేల సరిహద్దుల నడుమ అది తన దేశం నుంచి విడిగా ఉన్నది. మన దేశంలో ఈ లక్షణం స్పష్టంగా కనిపించేది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో. దానికి నాలుగు ఖండాలు. పుదుచ్చేరి, కారైక్కాల్ తమిళనాడును ఆనుకొని ఉన్నాయి. మాహే పడమటి తీరాన కేరళ నడుమ ఉన్నది. యానాం ఆంధ్రప్రదేశ్ నడుమ ఉన్నది. యానాం నుంచి పుదుచ్చేరి సుమారు 870 కిలోమీటర్లు. కాకినాడ సుమారు 30 కిలోమీటర్లు మాత్రమే.

యానాం వైశాల్యం 30 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనసంఖ్య 55,626. ఆ ఏడు మొత్తం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంత జనాభా 12,47,953. అంటే నూటికి ఐదుగురు కూడా యానాంవారు కారు. ఈ లెక్కను గుర్తుంచుకోవాలి. ముందు చెప్పబోయే పాలనా విషయాలకు ఇది మూలం.

ధవళేశ్వరం వద్ద గోదావరి చీలి గౌతమి, వసిష్ఠ పాయలుగా సముద్రం వైపు సాగుతుంది. గౌతమి సముద్రాన్ని చేరబోయే ముందు దాని ఉత్తర తీరాన యానాం ఉన్నది. అక్కడే గౌతమి నుంచి కోరంగి నది విడిపోతుంది. సప్త గోదావరులలో ఒకటైన ఆత్రేయగా దానిని భక్తులు కొలుస్తారు. నదికి ఆవలి ఒడ్డు ఎదుర్లంక, అక్కడి నుంచి కోనసీమ. ఈవల తాళ్ళరేవు మీదుగా కాకినాడ దారి. కొంచెం దిగువన కోరంగి మడ అడవులు. వాటిని 1978లో వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. కనకాలపేట, మెట్టకూరు, ఫరంపేట, గిరియాంపేట, దరియాలతిప్ప, ఇసుకతిప్ప వంటి పేర్లు వింటేనే ఆ నేల స్వభావం తెలుస్తుంది. తిప్ప అంటే నది తెచ్చి పోసిన మెరక. యానాం నేలలో అధిక భాగం గోదావరి ఇచ్చిన ఒండ్రు.

ఇచ్చిన నది అప్పుడప్పుడు వెనక్కు అడుగుతుంది కూడా. 1839 నవంబరులో వచ్చిన పెను తుపాను కోరంగి రేవును తుడిచిపెట్టింది. యానాం కూడా ఆ ఉప్పెనకు గురయింది. 1986 ఆగస్టు నాటి గోదావరి వరద, 1996 నవంబరు 6 నాటి తుపాను, 2022 జూలై నాటి వరద ఆ ఊరి వృద్ధుల నుంచి పిల్లల వరకు అందరి జ్ఞాపకాలలో ఉన్నాయి. వరదకు పాలనా సరిహద్దు తెలియదు. భద్రాచలం వద్ద నీటిమట్టం ఎంత, ధవళేశ్వరం ఆనకట్ట నుంచి ఎంత నీరు వదిలారు అనేవే యానాంలో ఇల్లు ఖాళీ చేయాలా వద్దా అన్నది నిర్ణయిస్తాయి. ఆ నీటి లెక్కలన్నీ పొరుగు రాష్ట్రాల చేతిలో ఉంటాయి. సహాయం మంజూరు చేసే కచ్చేరీ మాత్రం 870 కిలోమీటర్ల దూరాన ఉంటుంది. వేరుపడిన నేల మీద బతకడం అంటే ఏమిటో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

చేతులు మారిన రేవు

యానాంలో ఫ్రెంచివారి కంటే ముందు డచ్చివారు వర్తకం చేశారు. ఫ్రెంచివారు 1723లో అక్కడ వర్తక స్థావరం ఏర్పాటు చేసుకొన్నారు. లాభం కనబడక కొద్ది ఏళ్లకే దానిని విడిచిపెట్టారు. 1731లో మళ్లీ వచ్చారు. గోదావరి తీరపు నేతగాళ్ల బట్ట వారికి కావలసిన సరుకు. పక్కనే ఇంజరంలో ఇంగ్లీషువారి బట్టల కొఠీ ఉండేది. ఒకే నేత పల్లెల కోసం రెండు కంపెనీలు పోటీ పడ్డాయి.

1753లో ఉత్తర సర్కారులు ఫ్రెంచి సేనాని బుస్సీ ఆధీనంలోకి వచ్చినప్పుడు యానాం పెద్ద రాజ్యానికి చిన్న రేవు. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధంలో ఇంగ్లీషు సేనలు, విజయనగరం సేనలు కలిసి ఫ్రెంచివారిని ఓడించాయి. ఆ తర్వాత సర్కారులు ఇంగ్లీషువారి పరమయ్యాయి. యానాం మాత్రం నీటి నడుమ తిప్పలా మిగిలింది. ఐరోపాలో ఫ్రాన్సుకు, ఇంగ్లండుకు యుద్ధం వచ్చినప్పుడల్లా ఇంగ్లీషువారు యానాంను పట్టుకొనేవారు, సంధి కుదిరినప్పుడల్లా తిరిగి ఇచ్చేవారు. 1814 నాటి పారిస్ సంధి అనంతరం అది స్థిరంగా ఫ్రెంచివారి చేతికి వచ్చింది. కోటలు కట్టరాదు, శాంతిభద్రతలకు కావలసినంత మందిని మించి సైనికులను ఉంచరాదు అన్నవి సంధి షరతులు. అప్పటి నుంచి యానాం యుద్ధాలకు దూరమైంది. దాని చరిత్ర ఇకపై ప్రధానంగా చట్టాల చరిత్ర.

వలస వెళ్లిన తెలుగువారి సభలో ఒక విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1828లో హిందూ మహాసముద్రంలోని బూర్బోన్ దీవికి, అంటే నేటి రీయూనియన్‌కు, కూలి ఒప్పందం మీద యానాం నుంచి తెలుగు పనివారు కొందరు వెళ్లారు. ఆ దీవికి ఒప్పంద కూలీలుగా చేరిన తొలి భారతీయులలో వారు ఉన్నారు. 1848లో ఫ్రెంచి వలసలలో బానిసత్వం రద్దయిన తర్వాత చెరకు తోటలకు మనుషులు మరింతగా కావలసి వచ్చారు. గోదావరి తీరపు పల్లెల నుంచి బయలుదేరినవారిలో ఎందరో తిరిగి రాలేదు. తెలుగువారి వలస గాథ రైలు పట్టాలతో మొదలు కాలేదు. అంతకు ముందే అది ఓడల మీద సాగింది.

సరిహద్దు ఇచ్చిన సౌకర్యాలు, తెచ్చిన ప్రమాదాలు

గీత గీసిన చోట దాని రెండు వైపులా చట్టాలు వేరుగా ఉంటాయి. యానాం జీవితాన్ని ఈ తేడా తీర్చిదిద్దింది. మంగళవారం సంతకు చుట్టుపక్కల బ్రిటిషు పల్లెల నుంచి జనం వచ్చేవారు. విదేశీ సరుకులు అక్కడ చౌకగా దొరికేవి. సరుకు మూట కట్టుకొని సుంకం చౌకీ కన్నుగప్పి ఇల్లు చేరడం కొందరికి జీవనోపాధి అయింది.

1930 ఏప్రిల్ 1 నుంచి బ్రిటిషు ఇండియాలో శారదా చట్టం అమలులోకి వచ్చింది. పద్నాలుగేళ్లు నిండని బాలికకు పెళ్లి చేయడం శిక్షార్హమైంది. ఆ చట్టం ఫ్రెంచి యానాంలో చెల్లదు. దానితో పొరుగు జిల్లాల కుటుంబాలు పెళ్లివారిని వెంటబెట్టుకొని యానాం చేరేవి, అక్కడ ముహూర్తం జరిపించుకొని తిరిగి వెళ్లేవి. ఊరికి కల్యాణపురం అనే పేరు వచ్చింది. వినడానికి ముచ్చటగా ఉండే ఆ పేరు వెనుక బడి వయసు దాటని ఆడపిల్లలు ఉన్నారన్నది మరువరాదు. పురోహితులకు, వంటవారికి, సత్రాలకు ఆ పెళ్లిళ్లు ఆదాయం తెచ్చాయి. ఆ బాలికలకు అవి ఏమి తెచ్చాయో లెక్క రాసినవారు లేరు. చట్టానికి అందని నేల కొందరికి ఆశ్రయం, మరికొందరికి ఉచ్చు.

అదే సరిహద్దు మంచి పనులకూ ఉపయోగపడింది. ఫ్రెంచి ఇండియాలో 1879లో ప్రతినిధి సభలు, 1880లో పురపాలక సంఘాలు ఏర్పడ్డాయి. యానాం పురపాలక సంఘం ఆనాటిది. ఎన్నికైన మేయరు యానాంకు కొత్త కాదు. జననం, వివాహం, మరణం మూడూ పురపాలక కార్యాలయపు పుస్తకాలలో నమోదు చేయడం ఫ్రెంచి పద్ధతి. ఆ పుస్తకాల విలువ తర్వాతి కాలంలో తెలిసింది.

విలీనం

1947 ఆగస్టు 15న కాకినాడలో మూడు రంగుల జెండా ఎగిరింది. 30 కిలోమీటర్ల దూరాన యానాంలో ఫ్రెంచి జెండా అలాగే ఉన్నది. మరో ఏడేళ్లు ఉన్నది. చందర్‌నగర్ ప్రజలు 1949లో ఓటు వేసి భారతదేశంలో చేరారు. మిగిలిన నాలుగు స్థావరాలలో ఉద్యమం సాగింది. యానాం ఫరంపేటలో పుట్టి పుదుచ్చేరి పోలీసు శాఖలో పని చేసిన దడాల రఫేల్ రమణయ్య విలీన ఉద్యమ నాయకులలో ముఖ్యులు. 1954 జూన్ 13న ఆయన నాయకత్వాన విలీనవాదులు యానాంలో ప్రవేశించి ఫ్రెంచి పాలనను తొలగించారు. ఆ రోజు రక్తపాతం లేకుండా గడవలేదు. ఫ్రాన్సు పక్షాన నిలిచినవారు, భారతదేశం పక్షాన నిలిచినవారు ఒకే వీధుల తెలుగువారు. కొందరు ఒకే కుటుంబంవారు. ఈ సంగతి గుర్తు పెట్టుకొని ఆ చరిత్ర చెప్పుకోవడం న్యాయం.

1954 అక్టోబరు 18న కీళూరులో ఎన్నికైన ప్రతినిధులు 178 మంది సమావేశమయ్యారు. 170 మంది విలీనానికి అనుకూలంగా, 8 మంది ప్రతికూలంగా ఓటు వేశారు. నవంబరు 1న పాలన భారతదేశం చేతికి వచ్చింది. సరిగ్గా రెండేళ్లకు అదే తేదీన ఆంధ్రప్రదేశ్ అవతరించింది. తెలుగు మాట్లాడే నేలలన్నీ ఒక్కటి కావాలన్న ఆకాంక్ష ఫలించిన ఆ రోజున కూడా యానాం వేరుగానే ఉన్నది.

దానికి కారణం ఒప్పందంలో ఉన్నది. 1956 మే 28న భారత, ఫ్రాన్సు ప్రభుత్వాలు స్థావరాల అప్పగింత సంధి మీద సంతకాలు చేశాయి. 1962 ఆగస్టు 16న అది చట్టబద్ధంగా అమలులోకి వచ్చింది. 1954 నవంబరు 1కి ముందున్న ప్రత్యేక పరిపాలనా ప్రతిపత్తి ఈ స్థావరాలకు కొనసాగుతుందని, అందులో రాజ్యాంగపరమైన మార్పు ఏదైనా చేయదలిస్తే ప్రజల అభీష్టం తెలుసుకొన్న తర్వాతే చేయాలని ఆ సంధి చెబుతుంది. నాలుగు ఖండాలు కలిసి ఒక్క పాలన కింద ఉండడానికి ఆధారం ఇదే. 1963 జూలై 1 నుంచి ఎన్నికైన శాసనసభతో కేంద్రపాలిత ప్రాంతం పని చేయడం మొదలయింది. 1979లో ఈ ఖండాలను పొరుగు రాష్ట్రాలలో కలపాలన్న ప్రస్తావన కేంద్ర ప్రభుత్వం నుంచి వచ్చినప్పుడు పుదుచ్చేరిలో తీవ్రమైన ఆందోళన జరిగింది. ప్రస్తావన ఆగిపోయింది.

ఆ సంధిలో మరొక నిబంధన ఎన్నో ఇళ్ల తలరాతను మార్చింది. ఆ నేల మీద పుట్టి అక్కడే ఉంటున్న ఫ్రెంచి జాతీయులు సంధి అమలులోకి వచ్చిన ఆరు నెలల లోపల రాతపూర్వకంగా కోరితే ఫ్రెంచి పౌరసత్వం నిలుపుకోవచ్చు. కోరనివారు భారత పౌరులవుతారు. కొందరు దరఖాస్తు చేశారు. చాలామంది చేయలేదు. ఒక సంతకం తేడాతో అన్నదమ్ముల పిల్లలు రెండు దేశాల పౌరులయిన సందర్భాలు ఫ్రెంచి స్థావరాలన్నింటా ఉన్నాయి. ఆనాడు పురపాలక కార్యాలయపు జనన నమోదే ఎవరు ఎవరో తేల్చే ఆధారం అయింది. పుట్టిన బిడ్డ పేరును గడువులోగా పురపాలక సంఘంలో నమోదు చేయించండని ఈనాటి అధికారులు పదే పదే చెప్పడం చాదస్తం అనిపించవచ్చు. కాగితం విలువ అవసరం పడిన రోజున తెలుస్తుంది. ఊరు విడిచి వచ్చినవారికి ఆ రోజు తరచుగా వస్తుంది.

పాలన, దూరం

నేడు యానాంలో ప్రాంతీయ పరిపాలనాధికారి ఉంటారు. ముప్ఫై మంది ఎన్నికైన సభ్యులు గల పుదుచ్చేరి శాసనసభలో యానాంకు ఒక్క స్థానం. లోక్‌సభలో మొత్తం కేంద్రపాలిత ప్రాంతానికి ఉన్నది ఒకే స్థానం. యానాంకు వర్తించే హైకోర్టు చెన్నైలోనిది. కాబట్టి యానాంవారి అప్పీలు అమరావతికి పోదు, చెన్నైకి పోతుంది.

దీనివల్ల మేలు ఉన్నది. ఒక్క నియోజకవర్గానికి సొంత ఆసుపత్రి, కళాశాలలు, సంక్షేమ పథకాలు, ప్రత్యేక కేటాయింపులు ఉండడం ఆ పరిమాణపు మరో ఊరికి దొరికే భాగ్యం కాదు. డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ పేరిట ప్రభుత్వ కళాశాల అక్కడ నడుస్తున్నది. కీడు కూడా ఉన్నది. పెద్ద అనుమతి ఏదైనా దూరపు సచివాలయం నుంచి రావాలి. యానాం బడులు చాలాకాలం ఆంధ్రప్రదేశ్ పాఠ్యప్రణాళికను, మాహే బడులు కేరళ ప్రణాళికను, పుదుచ్చేరి, కారైక్కాల్ బడులు తమిళనాడు ప్రణాళికను అనుసరించాయి. 2023 తర్వాత కేంద్ర మాధ్యమిక విద్యా మండలి ప్రణాళిక వైపు ప్రభుత్వ బడులు మళ్లుతున్నాయి. పిల్లలకు దేశమంతా చెల్లే చదువు దొరకడం మంచిదే. బడిలో తెలుగుకు దక్కే గంటలు తగ్గకుండా చూసుకోవడం ఇకపై ఆ ఊరి తల్లిదండ్రుల మీద పడే బాధ్యత.

బతుకుతెరువు

యానాం బతుకు మొదట నీటి మీద ఆధారపడింది. చేపల వేట అక్కడి పెద్ద వృత్తి. వానకాలంలో గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు సముద్రపు చేప ఒకటి గుడ్లు పెట్టడానికి ఎదురీదుతూ నదిలోకి వస్తుంది. సముద్రంలో ఉన్నప్పుడు దాని పేరు విలస. నదిలోకి వచ్చి తీపినీరు తాగాక అదే పులస. పుస్తెలు అమ్ముకొని అయినా పులస తినాలనే సామెత గోదావరి సీమలో వినని ఇల్లు లేదు. ఆ కొద్ది వారాలు యానాం రేవులో పులస వేలం చూడడానికి కూడా జనం వస్తారు. కొన్నేళ్లుగా వలలకు పడే పులసలు తగ్గాయి. చేప తగ్గేకొద్దీ ధర పెరుగుతున్నది. ధర పెరిగేకొద్దీ చిన్న చేపను కూడా విడిచిపెట్టని వేట పెరుగుతున్నది.

రెండవ ఆధారం పన్నుల తేడా. ఫ్రెంచి కాలపు సంత పోయినా దాని నీడ మిగిలింది. పొరుగు జిల్లాలవారు పెట్రోలు పోయించుకోవడానికి యానాం బంకుల ముందు వరుస కట్టడం అందరూ ఎరిగినదే. మద్యం సంగతి చెప్పనక్కరలేదు. 2017 జూలై 1న వస్తు సేవల పన్ను వచ్చిన తర్వాత చాలా సరుకుల మీద పన్ను దేశమంతా ఒకటే అయింది. పెట్రోలు, మద్యం ఆ పన్ను పరిధిలోకి రాలేదు. సరిహద్దు వ్యాపారం ఈ రెండింటి మీద నిలవడం అందుకే. పక్క రాష్ట్రం పన్ను తగ్గిస్తే ఒక్క రాత్రిలో తగ్గిపోయే వ్యాపారం ఇది. సారా దుకాణాల వల్ల ఖజానాకు వచ్చేది ఎంతో, ఇళ్లలో పోయేది ఎంతో అన్న లెక్క కూడా ఊరు వేసుకోవలసి ఉన్నది.

మూడవది పరిశ్రమ. వెనుకబడిన ప్రాంతానికి ఇచ్చిన రాయితీల ఆధారంగా 1980లలో అక్కడ పింగాణీ పలకల కర్మాగారం వెలిసింది. వేల కుటుంబాలు దాని మీద బతికాయి. 2012 జనవరిలో కార్మిక వివాదం హింసగా మారి ప్రాణాలు పోయాయి. కర్మాగారం మూతపడింది. చిన్న ఊరు ఒకే పెద్ద సంస్థ మీద ఆధారపడితే ఆ తలుపు మూసిన రోజున ఊరంతా చీకటి అవుతుంది. ఆ తర్వాత ఎందరో యువకులు పని కోసం బయటి నగరాలకు వెళ్లారు.

కొబ్బరి, వరి, కొద్దిపాటి పర్యాటకం మిగిలిన ఆధారాలు. గౌతమి మీద బాలయోగి వారధి వచ్చాక కోనసీమకు రాకపోకలు తేలికయ్యాయి. అంతకు ముందు ఎదుర్లంక చేరాలంటే పంటు ఎక్కి నది దాటవలసి వచ్చేది. గాలి, వరద ఉన్న రోజున ఆ దారి ఆగిపోయేది.

గుడి, చర్చి, భాష

యానాం వేంకటేశ్వరస్వామికి మీసాలు ఉంటాయి. అందుకే ఆయనను మీసాల వెంకన్న అంటారు. ఏటా కల్యాణోత్సవానికి సరిహద్దు ఇరువైపుల పల్లెలూ తరలివస్తాయి. ఫ్రెంచి కాలంలో కట్టిన సెయింట్ ఆన్ చర్చి 1846 నాటిది. గుడి, చర్చి, మసీదు నడిచి వెళ్లగలిగినంత దూరంలోనే ఉన్నాయి. తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారి బాల్యంలో కొంతకాలం యానాంలో గడిచింది. మన కాలంలో దాట్ల దేవదానం రాజు "యానాం కథలు" రాసి ఆ వీధులకు తెలుగు కథలో చోటు కల్పించారు. బొల్లోజు బాబా "ఫ్రెంచి పాలనలో యానాం" రాసి పాత కాగితాల్లోని చరిత్రను తెలుగువారికి అందించారు.

రెండు శతాబ్దాలకు పైగా ఫ్రెంచివారు పాలించారు. ఆ తర్వాత అరవై ఏళ్లకు పైగా తమిళం ప్రధానంగా గల ప్రభుత్వం పాలిస్తున్నది. అయినా యానాంలో తెలుగు ఇంటి భాషగానే కాక కచ్చేరీ భాషగా కూడా ఉన్నది. దానికి గోదావరి తీరపు జనబలం ఒక కారణం. రెండవ కారణం చట్టం. 1965 నాటి పుదుచ్చేరి అధికార భాషా చట్టం తమిళాన్ని అధికార భాషగా ప్రకటిస్తూనే యానాంలో తెలుగును, మాహేలో మలయాళాన్ని వాడుకోవచ్చునని చెప్పింది. కేంద్రపాలిత ప్రాంత జనాభాలో నూటికి ఐదుగురు కూడా లేనివారి భాషకు చట్టంలో చోటు దక్కింది. అడిగినవారు ఉన్నారు కాబట్టి, విన్నవారు ఉన్నారు కాబట్టి దక్కింది.

ఈ నగరపు తెలుగువారికి

యానాం గాథ ఈ నగరంలోని తెలుగువారికి ఎందుకు? వారి చుట్టూ ఉన్నది గోదావరి సీమ కాదు. జనబలం అన్న మొదటి కారణం వారికి లేదు. రెండవది మాత్రం ఉన్నది. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం ఏ పౌరుడైనా తన కష్టం గురించి రాష్ట్రంలో లేదా కేంద్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నపం రాసుకోవచ్చు. 350-ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించమని రాష్ట్రాలకు, స్థానిక సంస్థలకు చెబుతుంది. 350-బి అధికరణం ఈ హక్కుల అమలును పరిశీలించే ప్రత్యేక అధికారిని నియమించమంటుంది. చివరి రెండూ 1956 నుంచి ఉన్నాయి. బడిలో పేరు నమోదు చేసే రోజున మాతృభాష అనే గడిలో తెలుగు అని రాయించనివారికి ఇవి అక్కరకు రావు. జనాభా లెక్కల అధికారి తలుపు తట్టినప్పుడు పొరుగువారి భాషనే తమ భాషగా చెప్పేవారికి కూడా ఇవి అక్కరకు రావు.

తెలుగు రాయించడమంటే ఈ నగరపు భాషను కాదనడం కాదు. యానాం పిల్లవాడు తెలుగు చదువుకొని, పుదుచ్చేరికి పోయి తమిళం నేర్చుకొని, చెన్నై న్యాయస్థానంలో ఆంగ్లంలో వాదించగలుగుతున్నాడు. ఒక భాష ఉన్నందువల్ల మరొక భాషకు చోటు తగ్గలేదు. నగర భాష నేర్చినవాడికి వీధి తలుపులు తెరుచుకొంటాయి. ఇంటి భాష నిలిపినవాడికి ఇంటి తలుపు మూసుకుపోదు.

యానాంలో సాయంకాలం గౌతమి ఒడ్డున నిలబడితే ఎదుర్లంక దీపాలు కనిపిస్తాయి. ఆ ఒడ్డు ఒక రాష్ట్రం, ఈ ఒడ్డు మరొక పాలన. మధ్యన పారే నీరు ఒకటే, రెండు ఒడ్డుల మీదా వినిపించే పలకరింపు ఒకటే. మూడు వందల ఏళ్లలో జెండాలు మారాయి, నాణేలు మారాయి, చట్టాలు మారాయి. పులస మాత్రం ఏటా అదే దారిన ఎదురీదుతూ వస్తున్నది. ఆ దారిని కాపాడే బాధ్యత రెండు ఒడ్డులవారిదీ. ఈ నగరంలో భాష నడిచి వచ్చే దారిని కాపాడే బాధ్యత ఇక్కడి ఇళ్లది, బడులది, పురపాలక సంఘానిది.